చుట్టరికం

చుట్ట వాసనంటే నాకు ఇప్పటికీ అసహ్యం. బస్సులో ఎక్కడో వెనక సీట్లో ఎవరైనా వెలిగించినా దిగిపోవాలనిపిస్తుంది. పొగాకు ఆరోగ్యానికి చెడ్డదని డాక్టర్లు చెప్పినందువల్ల వచ్చిన అసహ్యం కాదిది. పందొమ్మిది వందల యాభైల్లో తిరువూరులో మా అత్తవారింట్లో ఆ వాసన చుట్టూ పెద్దమనుషులు అల్లిన మాటల వల్ల వచ్చింది. చుట్ట కంపు తలంటు పోసుకుంటే వదులుతుంది. ఆ మాటల కంపు మాత్రం ఇన్నేళ్ళైనా నన్ను వదల్లేదు.

నేను పెనుగొలను పిల్లని. పెళ్ళై తిరువూరు వచ్చాను. మా మావయ్యగారికి బజారులో కిరాణా కొట్టు, దానికి ఆనుకునే ఇల్లు. ఆయనకి పరువంటే ప్రాణం. కందిపప్పు తూచినా పరువే, కాకరకాయ కూర వండించుకున్నా పరువే. మా ఆయన తండ్రి ముందు నోరు తెరవని మనిషి. ఇంట్లో మాట్లాడేది ఒక్క మావయ్యగారే, మిగతావాళ్ళం వినేవాళ్ళం.

కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు పిడకల కోసం పెరట్లో కట్టెల కొట్టంలోకి వెళ్ళాను. ఆ చీకట్లో అత్తయ్య గొంతుక్కూర్చుని ఉన్నారు. మూసిన పెదాల సందుల్లోంచి, ముక్కులోంచి పొగ వస్తోంది. నిప్పు మాత్రం ఎక్కడా కనబడలేదు. నేను హడలిపోయి అరవబోతుంటే ఆవిడ నోట్లోంచి చుట్ట బయటికి తీశారు. కాలుతున్న కొస లోపలుంది. ఎర్రటి నిప్పు మీద ఉమ్ము చుయ్యిమంది. 

"అట్టా చూస్తావేంటే? మందు" అన్నారావిడ తాపీగా.

"మందేంటి అత్తయ్యా?"

"పంటిమందు. మా అమ్మ నేర్పింది. తొలిచూలప్పుడు పన్ను సలుపుతుంటే నిప్పు లోపలికి పెట్టుకోమంది. పురుగు చస్తుందంట. ఒళ్ళో పిల్లదున్నా నుసి రాలదు, మునిమాపున ఎవరి కంటా నిప్పు పడదు. నువ్వూ పన్ను నొస్తే చెప్పు."

నేను నొప్పుంటే పన్ను పీకించుకుంటాను గానీ ఆ పని చెయ్యనన్నాను. ఆవిడ నవ్వారు. నోరంతా నల్లగా ఉంది. ఆవిడంటే నాకు ఇష్టం ఏర్పడడానికి చాలా రోజులు పట్టింది, ఆ నోరు చూసి అన్నం తినడానికి అంతకంటే ఎక్కువ పట్టింది.

పొలాల్లో నాట్లకొచ్చే ఆడవాళ్ళు బహిరంగంగానే అలా పీల్చేవారు. ఉత్తర కోస్తా జిల్లాల్లో దీన్ని అడ్డపొగ అంటారని చాలాకాలం తర్వాత విన్నాను. మా అత్తయ్యకి మాత్రం అది చుట్ట తాగడం కానే కాదు. చుట్ట తాగడమంటే మగాళ్ళు అరుగుల మీద కూర్చుని, నిప్పు బయటికి పెట్టుకుని చేసే పని. ఆవిడది మందు. మందు పెట్టుకోవడం. ఈ తేడాని ఆవిడ మనస్ఫూర్తిగా నమ్మారు.

మరి మావయ్యగారికి తెలియదా అంటే, భేషుగ్గా తెలుసు. కొట్లో లంక చుట్టల కట్ట విప్పి, నాలుగైదు పొట్లంలో కట్టి, మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు వంటింటి కిటికీలో పెట్టి వెళ్ళేవారు. ఆయనా ఏమనరు, ఆవిడా ఏమనరు. ఆ పొట్లాన్ని చూడనట్టు నటించడం ఆ ఇంటి మర్యాద.

నేను కాపురానికి వెళ్ళిన కొన్నాళ్ళకి అత్తయ్యకి అంగిట్లో పుండు లేచింది. మొదట ఆవకాయ మానేశారు. తర్వాత కూరలో కారం. తర్వాత మజ్జిగన్నం మెత్తగా పిసికి పెడితే తినేవారు. పుండు నొప్పి పుడితే దానికీ ఆ మందే. నిప్పు పుట్టించిన పుండుకి నిప్పే వైద్యం. దగ్గరికి వెళ్తే కుళ్ళిన వాసన. మావయ్యగారు కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని అన్నం తినేవారు. ఆ పొట్లం పెట్టే చెయ్యి మాత్రం ఆగలేదు. ఒక చేత్తో ముక్కు మూసుకుని ఇంకో చేత్తో కిటికీలో చుట్టలు పెట్టే మనిషిని చూస్తే, నాకు పుండు కంటే ఆయన మీదే ఎక్కువ రోత పుట్టేది.

ఆ రోజుల్లోనే ఊళ్ళో ఆస్పత్రికి పట్నం నుంచి ఒక డాక్టరు వస్తున్నాడని తెలిసింది. ఆయన నోటి పుండ్ల మీద పరిశోధన చేస్తున్నాడట. పుండు ఎవరికి వస్తోంది, ఎందుకు వస్తోంది అని ఊరూరా తిరిగి అడుగుతున్నాడట. మా ఆయన ఎలాగో ధైర్యం చేసి తండ్రిని ఒప్పించారు. అత్తయ్యకి తోడు నేనూ వెళ్ళాను.

ఆస్పత్రి వసారా నిండా ఆడవాళ్ళే. నాట్లు వేసేవాళ్ళు, బట్టలుతికే ఆవిడ, జట్కా సాయిబుగారి తల్లి, కొండపల్లి వైపు నుంచి వచ్చిన ఎవరో ముసలామె. అందరికీ నోట్లోనే బాధ. మావయ్యగారు వాళ్ళ పక్కన కూర్చోవడం ఇష్టంలేక గుమ్మం దగ్గర నిలబడ్డారు. అత్తయ్య మాత్రం వాళ్ళ మధ్యనే చతికిలబడ్డారు. పక్కనున్న ముసలామె వరస వచ్చేదాకా ఆగలేక, రొంటిన దోపుకున్న చుట్ట తీసి, వెలిగించి, నిప్పు లోపలికి తిప్పి పెట్టుకుంది. అత్తయ్య ఆమెనే చూస్తూ కూర్చున్నారు.

లోపల డాక్టరు టార్చి లైటు వేసి నోరు చూశాడు. కుర్రాడే, మర్యాదగానే ఉన్నాడు. కానీ ప్రశ్నలు మాత్రం మావయ్యగారి మొహం చూసి అడిగాడు. నోరు ఆవిడది, జవాబు ఆయనది.

"ఏమైనా అలవాట్లున్నాయాండీ?"

ఇంటి ఇల్లాలికి అలవాట్లున్నాయా అని మా వైపు ఎవరూ అడగరు. అలవాటంటే చెడు అలవాటనే లెక్క. మావయ్యగారి చెవులు ఎర్రబడ్డాయి.

"మా ఇంట్లో ఆడవాళ్ళకి అలవాట్లేంటండీ! పరువుగా వ్యాపారం చేసుకు బతికేవాళ్ళం."

డాక్టరు అత్తయ్య వైపు తిరిగాడు. "చుట్ట తాగుతారా అమ్మా?"

"ఛీ ఛీ, లేదండి" అన్నారావిడ. అబద్ధమాడుతున్నానన్న ఆలోచన ఆవిడకి ఏ కోశానా లేదు.

నేను ఉండబట్టలేక, "అత్తయ్యా, మందు సంగతి చెప్పండి" అన్నాను.

"ఏం మందు?" అన్నాడు డాక్టరు.

"లవంగనూనె లెండి, మా కొట్లోదే. పంటికి రాస్తుంది" అని మావయ్యగారు నవ్వి, నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. కొత్త కోడలి మాట ఎవరు పట్టించుకుంటారు? డాక్టరు తలూపి ముందుకు వెళ్ళాడు.

"మనసుకి కష్టం, దిగులు లాంటివి ఉన్నాయా?"

"తిండికి లోటా, బట్టకి లోటా? ఆవిడకి దిగులేంటండీ!"

అత్తయ్య నేలచూపులు చూశారు. పుట్టింటి నుంచి ఎవరైనా వస్తే మావయ్యగారు కొట్లోంచి లేచి ఇంట్లోకి వచ్చి పలకరించేవారు కాదు. ఆవిడ చేసిన కూర బాగుంటే నోరు మెదిపేవారు కాదు, ఉప్పు ఎక్కువైతే కంచం గిరవాటేసేవారు. అవన్నీ తిండీ బట్టా కింద జమ కాబోలు.

"మీ దగ్గరివాళ్ళలో ఎవరికైనా ఈ జబ్బుందా?"

దీనికి మాత్రం మావయ్యగారు పారేసుకున్న తాళంచెవి దొరికినట్టు సంబరపడిపోయారు. "వాళ్ళమ్మకీ ఇదేనండీ! సరిగ్గా ఇదే చోట! రాచపుండు. దాంతోనే పోయింది."

"అయితే వంశంలో ఉందన్నమాట" అన్నాడు డాక్టరు. టార్చి మళ్ళీ వేసి, ఆ నల్లటి పళ్ళు చూసి, "నిజంగా చుట్ట లేదా?" అని ఇంకోసారి అడిగాడు. మావయ్యగారు ఒట్టేసినంత పని చేశారు. త్వరగా పట్నం తీసుకెళ్ళి పుండుకి రేడియం కరెంటు పెట్టించండి, ఆలస్యం చెయ్యకండి అని చెప్పి డాక్టరు తరవాతి మనిషిని పిలిచాడు.

ఇంటికి నడిచి వస్తుంటే మావయ్యగారు ముందు, మేమిద్దరం వెనక. అత్తయ్య మెల్లగా అడిగారు. "వసారాలో ఉన్నోళ్ళందరికీ అంగిట్లోనేనా పుండు?"

"చాలామందికి అక్కడేనంట అత్తయ్యా."

"వాళ్ళందరూ కూడా నాలాగే మందు పెట్టుకునేవాళ్ళేనా?"

అవుననుకుంటానన్నాను.  ఆ సాయంత్రం ఆవిడ కట్టెల కొట్టంలోకి వెళ్ళలేదు. కానీ రెండు రోజులకి నొప్పి ఓర్చుకోలేక మళ్ళీ వెళ్ళారు.

మావయ్యగారు డాక్టరు చెప్పిన రెండు మాటల్లో ఒకటి వదిలేసి ఒకటి పట్టుకున్నారు. పట్నం ప్రయాణం పత్తి కొనుగోళ్ళు అయ్యాక అన్నారు, తర్వాత పెళ్ళిళ్ళ బేరాలు అయ్యాక అన్నారు. వంశం మాట మాత్రం ఆ రోజు నుంచే కొట్లో మొదలుపెట్టారు. చింతపండుకి వచ్చినవాడికీ చెప్పారు, బెల్లానికి వచ్చినవాడికీ చెప్పారు.

"మా వైపు ఇట్టాంటివి లేవండీ. ఆవిడ పుట్టింటి రక్తం. పెద్ద డాక్టరే చెప్పాడు."

నేను గోడ ఇవతల బియ్యం ఏరుకుంటూ వినేదాన్ని. పెళ్ళాం నోరు కుళ్ళిపోతుంటే ఆ కుళ్ళు తన వైపుది కాదని ఊరికి చాటుకోవడం! ఛీ, ఇదేం మనిషి పుట్టుక అనిపించేది.

పరామర్శకి వచ్చే ఆడవాళ్ళు ఆయన్ని మించినవాళ్ళు. గుమ్మం అవతలే కూర్చుని, చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఏదీ పైకి చెప్పని మనిషి గదమ్మా, మనసులో పెట్టుకున్న కుళ్ళే నోట్లోకి తన్నింది" అనేవారు. ఇంకొకామె దిగులుతో వచ్చిందని తేల్చేది. ఎవరివల్ల దిగులు అని నేనడిగితే కొట్టు వైపు ఓసారి చూసి, మంచినీళ్ళు అడిగి, గ్లాసు ఇస్తే తాగకుండా పక్కన పెట్టి వెళ్ళిపోయేది.

ఇప్పుడు పేపర్లో ఇలాంటి పరిశోధనల గురించి వస్తే నేను వదలకుండా చదువుతాను. అలవాటెంత, దిగులెంత, తల్లిదండ్రుల నుంచి వచ్చిన రక్తమెంత అని పెద్ద చదువులు చదివినవాళ్ళు ఇంకా తర్కిస్తూనే ఉన్నారు. ఏదీ లేదని నేననను. నాకు తెలిసిందల్లా ఒకటే. మా ఇంట్లో ఆ మూడు ప్రశ్నలకీ జవాబు చెప్పింది జబ్బు లేని మనిషి, తనకు పనికొచ్చే జవాబునే చెప్పాడు.

ఇదంతా జరిగేటప్పటికి మా ఆడపడుచు తొలికాన్పుకి పుట్టింటికి వచ్చి ఉంది. విస్సన్నపేటలో ఇచ్చారు తనని. వాళ్ళదీ కొట్టే. అమాయకురాలు, తల్లి చాటు పిల్ల. ఆడపిల్ల పుట్టింది, చక్కగా బొద్దుగా ఉంది. పిల్లకి మూడో నెల వచ్చాక అత్తవారు వచ్చి బాలింతనీ పిల్లనీ తీసుకెళ్ళాలి. రాలేదు. ఐదో నెల వెళ్ళింది, అయినా రాలేదు. చివరికి బస్సులో వచ్చిన వాళ్ళ ఊరి మనిషొకడు కొట్లో మావయ్యగారితో ఉన్న విషయం చెప్పాడు. తల్లి నుంచి కూతురికి దిగే రక్తమని మీరే చెబుతున్నారు గదా, ఆ రక్తం మా ఇంట్లో వద్దని వాళ్ళు అనుకుంటున్నారు, కుర్రాడికి వేరే సంబంధం చూస్తున్నారు అన్నాడు.

ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. కానీ మావయ్యగారు తీసిన గోతిలో ఆయన పడలేదు, కూతురు పడింది. ఆ పిల్ల రాత్రీ పగలూ ఏడ్చేది. పాలు తగ్గిపోయాయి. బాలింతరాలు కదా, కూర్చోమంటే వినకుండా కట్టెలు తెస్తానని తనే పెరట్లోకి వెళ్ళేది. ఏడుపు మాకు కనబడకూడదని వెళ్తుందేమో అనుకునేదాన్ని.

నేనే ఒకరోజు భోజనాలప్పుడు తెగించి అన్నాను. "మావయ్యగారూ, చుట్ట సంగతి వాళ్ళకి చెప్పెయ్యండి. రక్తం కాదని తెలిస్తే పిల్ల కాపురం నిలబడుతుంది."

ఆయన ముద్ద కంచంలో వదిలేశారు. "కోమటింటి ఆడది నిప్పు నోట్లో పెట్టుకుని చుట్ట పీలుస్తుందని ఊరంతా చెప్పుకోవాలా? రక్తమంటే దేవుడిచ్చింది, ఎవరూ ఏమనరు. చుట్టంటే మనం చేసుకుంది."

అత్తయ్య స్తంభం పక్కన కూర్చుని ఆ మాట విన్నారు. మజ్జిగ గిన్నె చేతిలో అలాగే ఉండిపోయింది.

తెగతెంపులు మాట్లాడుకోవడానికి వియ్యంకుడూ వియ్యపురాలూ ఒక మధ్యాహ్నం బస్సు దిగి వచ్చారు. లోపలికి రమ్మంటే రాలేదు. వీధి అరుగు మీదే కూర్చున్నారు. నేను మంచినీళ్ళు తెచ్చి పెడితే వియ్యపురాలు చెంబు వంక చూసి చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఆడపడుచు పిల్లనెత్తుకుని గుమ్మం వెనకాల నిలబడింది.

"మీరేం తప్పు చేశారని మేం అనడం లేదు బావగారూ" అన్నాడు వియ్యంకుడు. "రక్తానికి ఎవరేం చేస్తారు? కానీ రేపు మా ఇంట్లో కూడా ఇదే వస్తే? పుట్టింది కూడా ఆడపిల్లాయె."

మావయ్యగారు కండువా అంచు నలుపుతూ కూర్చున్నారు.  నిజం చెప్పడానికి నోరు రాలేదు. కూతురి కాపురం పోయినా ఫరవాలేదు గానీ ఆ పొట్లం సంగతి బయట పడకూడదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అప్పుడు అత్తయ్య లోపలి నుంచి వచ్చారు. ఆవిడ పగటిపూట వీధి అరుగు మీదికి రావడం నేను ఎప్పుడూ చూడలేదు. చేతిలో చుట్ట, అగ్గిపెట్టె ఉన్నాయి. అరుగు మధ్యలో కూర్చుని, అగ్గిపుల్ల గీసి, చుట్ట వెలిగించారు. కొస ఎర్రగా అంటుకునేదాకా పీల్చారు. తర్వాత దాన్ని తిప్పి నిప్పు నోట్లో పెట్టుకున్నారు.

మావయ్యగారు, "లోపలికి పో!" అని అరిచారు. వీధిలో వెళ్తున్న జట్కా ఆగింది. కొట్టు ముందు బేరానికి నిలబడ్డవాళ్ళు ఇటు తిరిగారు. అత్తయ్య కదల్లేదు. పచ్చిపుండు మీద నిప్పు సెగ. కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారుతున్నాయి. వియ్యపురాలు, "ఛీ! ఇదేం పని!" అని లేచి నిలబడింది.

అత్తయ్య చుట్ట తీసి నేలకేసి నలిపారు. నాలుక సరిగా తిరగదు, ఒక్కొక్క మాటే కూడదీసుకుని అన్నారు.

"ముప్ఫై ఏళ్ళుగా ఇదే చేస్తున్నా వదినగారూ. మందనుకున్నా. మా అమ్మా మందనుకునే చేసింది. ఆస్పత్రి వసారాలో అందరికీ ఇదే పుండు. చాకలామెకీ ఇదే, సాయిబుగారి తల్లికీ ఇదే. వాళ్ళకీ నాకూ రక్తసంబంధమా? చుట్టే మా చుట్టరికం."

 ఆవిడ గుమ్మం వైపు తిరిగి కూతుర్ని పిలిచారు. "ఇట్టా రా. నోరు తెరువు."

ఆడపడుచు పెదాలు బిగించుకుని తల అడ్డంగా ఊపింది. నాకు అప్పుడు అర్థమైంది, ఆ పిల్ల కట్టెల కోసం ఎందుకు వెళ్ళేదో. అత్తయ్య లేచి వెళ్ళి కూతురి గెడ్డం పట్టుకుని నోరు తెరిపించి వియ్యపురాలి వైపు తిప్పారు. అంగిట్లో తెల్లటి పొర, దాని మీద అక్కడక్కడా ఎర్రటి చుక్కలు. పుండు ఇంకా లేవలేదు.

"నెలలు మోసేటప్పుడు పన్ను నొప్పంటే నేనే ఇచ్చా" అన్నారు అత్తయ్య. "మా అమ్మ నాకిచ్చినట్టే. రక్తంలో ఇవ్వలా. చేత్తో ఇచ్చా."

ఆ పిల్ల తల్లి భుజం మీద తల పెట్టి భోరుమంది. మావయ్యగారు లేచి కొట్లోకి వెళ్ళిపోయారు, బేరానికొచ్చినవాళ్ళ మొహం ఎలా చూశారో నాకు తెలియదు. వియ్యపురాలు ముక్కు మీంచి చెంగు తీసి, "మాన్పిస్తే పోతుందా?" అంది.

"ఏమో వదినగారూ. రక్తమైతే మాన్పించడానికి కూడా ఉండదు గదా."

వియ్యంకుడు గొంతు సవరించుకుని సాయంత్రం బస్సుకి బయల్దేరదామన్నాడు, కోడల్ని కూడా గుడ్డలు సర్దుకోమన్నాడు. సర్దడానికి నేను లోపలికి పరుగెత్తాను. అత్తయ్య ఆ ఏడాది దాటలేదు. మా ఆయన ఎవరినీ అడక్కుండా ఆవిడని పట్నం తీసుకెళ్ళారు గానీ, అప్పటికే ఆలస్యమైపోయిందన్నారు. ఆడపడుచు మళ్ళీ చుట్ట ముట్టలేదు, ఈమధ్యే ఎనభై దాటాక నిద్రలో పోయింది.

కానీ ఆ రోజు గురించి తలచుకుంటే నాకు గుర్తొచ్చేది బయల్దేరే ముందు జరిగింది. వియ్యపురాలు పిల్లని ఎత్తుకోవడానికి చేతులు చాపింది. అత్తయ్య మనవరాల్ని ఇచ్చేముందు తన నోటి కంపు తగలకుండా మొహం పక్కకి తిప్పుకున్నారు. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. నోరంతా లేత ఎరుపు, ఒక్క మచ్చ లేదు. అత్తయ్య దాని నోట్లోకే చూస్తూ, కొట్లోకి వినబడేంత గట్టిగా అన్నారు.

"తీసుకెళ్ళండి వదినగారూ. ఈ ఇంట్లో శుభ్రమైన నోరు ఇదొక్కటే."